పెద్ద నోటుకు చిల్లర

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు 2023 ఫిబ్రవరి 9న రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌ను వదిలించుకుంది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు ఆ జట్టు అభిమానుల్లో బేరం చెప్పనివాడు లేడు. ఫలానా జట్టుకు ఇతన్ని అంటగట్టి, ఫలానా స్టార్‌ను తెచ్చుకుంటే మన కష్టాలు తీరిపోతాయని ఎవరికి తోచిన లెక్క వాళ్లు వేశారు. అవతలి జట్టుకూ కళ్లుంటాయని, కూడికలూ తీసివేతలూ వాళ్లకీ వచ్చని మాత్రం ఎవరికీ తట్టలేదు.

జట్టులో ఇమడని ఖరీదైన ఆటగాడికి బదులుగా అంతే స్థాయి స్టార్ దొరకడు. ఒకవేళ దొరికాడంటే అతను మరో జట్టుకు తలనొప్పి అయి ఉంటాడు. అలాంటి కాంట్రాక్టు రెండు వేల నోటులాంటిది. విలువ ఎంత ఉన్నా కిరాణా కొట్టులో చెల్లదు, చిల్లర చేసుకోవాలి. ఆ జీతానికి సరిపడా ముగ్గురు నలుగురు మామూలు ఆటగాళ్లను తెచ్చుకుని, మార్చి ఇచ్చినందుకు ఒక డ్రాఫ్ట్ పిక్‌ను, అంటే కొత్త ఆటగాడిని ఎంచుకునే వంతును, కమీషన్‌గా చెల్లించాలి. ఇది నచ్చని జట్టు యాజమాన్యం అసలు ట్రేడ్ మాటే ఎత్తకూడదు.

వెస్ట్‌బ్రూక్ చెడ్డ ఆటగాడేం కాదు. 2017లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ సగటున రెండంకెలు అందుకుని నాలుగు సీజన్లు ముగించాడు. 2021 మేలో 182వ ట్రిపుల్ డబుల్ (ఒకే మ్యాచ్‌లో ఇలా మూడింటా రెండంకెలు) సాధించి ఆస్కార్ రాబర్ట్‌సన్ రికార్డును దాటేశాడు. అయితే అతని ఆటంతా బంతి చేతిలో ఉన్నప్పుడే. అప్పటి లేకర్స్‌లో బంతి లెబ్రాన్ జేమ్స్ చేతిలో ఉండేది, ఉండాల్సిందీ అక్కడే. బంతి లేనప్పుడు మూలన నిలబడి మూడు పాయింట్ల షాట్ వేయగలిగితేనే వెస్ట్‌బ్రూక్ మీద ఎవరైనా కాపలా ఉంటారు. లేకర్స్‌తో తొలి సీజన్‌లో ఆ షాట్లలో అతను బుట్టలో వేసినవి 100కి 30 లోపే. దాంతో ప్రత్యర్థులు అతన్ని అక్కడే వదిలేసి, రింగు కింద లెబ్రాన్‌కూ ఆంథొనీ డేవిస్‌కూ అడ్డంగా గోడ కట్టారు. 2020లో ఛాంపియన్‌గా నిలిచిన జట్టు 2021–22లో 33 మ్యాచ్‌లు గెలిచి, 49 ఓడి, ప్లే ఆఫ్స్ అర్హత పోటీ అయిన ప్లే ఇన్‌కు కూడా చేరకుండా ఇంటికెళ్లింది. కోచ్ ఫ్రాంక్ వోగెల్ ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోవాల్సింది కోచ్‌దేనా అన్నది వేరే సంగతి.

ఈ కథ లేకర్స్‌తో మొదలవలేదు. 2019లో హ్యూస్టన్ జట్టు వెస్ట్‌బ్రూక్ కోసం క్రిస్ పాల్‌ను ఓక్లహామా సిటీకి ఇచ్చింది, పైపెచ్చు పిక్‌లు కూడా ముట్టజెప్పింది. ముసలివాడైపోయాడని హ్యూస్టన్ పంపేసిన ఆ పాల్ మరుసటి ఏడాది ఓక్లహామాను ప్లే ఆఫ్స్‌కు తీసుకెళ్లి, ఆ తర్వాత ఫీనిక్స్‌తో 2021 ఫైనల్స్ ఆడాడు. ఒక్క సీజన్‌కే హ్యూస్టన్‌కు మొహం మొత్తింది. 2020 డిసెంబరులో వెస్ట్‌బ్రూక్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చి జాన్ వాల్‌ను తెచ్చుకుంది. వాల్ అప్పటికి గాయాలతో రెండేళ్లుగా కోర్టు ముఖం చూడలేదు. హ్యూస్టన్‌కు ఒక సీజన్‌లో 40 మ్యాచ్‌లు ఆడి, మరుసటి సీజన్ మొత్తం ఒప్పందం మీద పక్కన కూర్చున్నాడు. అందుకు ఆ ఏడాది అతను అందుకున్న జీతం 4.4 కోట్ల డాలర్లు. స్టార్‌కు స్టార్ అన్న బేరాలు రెండుసార్లు జరిగాయి. తలనొప్పి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారింది తప్ప తగ్గలేదు.

ఈ గొలుసులో తెలివిగా నడుచుకున్నది వాషింగ్టన్ ఒక్కటే. 2021 ఆగస్టులో వెస్ట్‌బ్రూక్‌ను లేకర్స్‌కు ఇచ్చి కైల్ కుజ్మా, కెంటావియస్ కాల్డ్‌వెల్ పోప్, మాంట్రెజ్ హారెల్, వాళ్లతో పాటు ఒక మొదటి రౌండ్ పిక్ తీసుకుంది. అంటే పెద్ద నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకుంది. జేబులో ఉన్న చిల్లరంతా పోసి చెల్లని నోటు కొనుక్కున్నది లేకర్స్. పోయినవాళ్లలో కాల్డ్‌వెల్ పోప్ చేతిలో షాట్ ఉంది, ఎదుటి జట్టు గార్డును కట్టడి చేసే ఒడుపూ ఉంది. లెబ్రాన్ పక్కన ఎలాంటి ఆటగాడు కావాలో సరిగ్గా అలాంటివాడు.

ఇక్కడ నిబంధనల సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఊహల్లో పుట్టే ట్రేడ్‌లన్నీ చచ్చేది అక్కడే. మన ఐపీఎల్‌లో డబ్బు చెల్లించి ఆటగాడిని తీసుకుపోవచ్చు. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి అలాగే వెళ్లాడు. ఎన్‌బీఏలో జీతాల పరిమితి దాటిన జట్టుకు ఆ వీలు లేదు. పంపే జీతాలకు, వచ్చే జీతాలకు పొంతన కుదరాలి. 2022–23లో వెస్ట్‌బ్రూక్ జీతం 4.7 కోట్ల డాలర్లు. ఆ లెక్కకు తగ్గట్టు అవతలి జట్టు తన ఆటగాళ్లను పోగెయ్యాలి. వదులుకోవడానికి అన్ని కాంట్రాక్టులు చేతిలో ఉన్న జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఇక కమీషన్. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు అమ్ముకుని జట్టు దివాలా తీయకుండా లీగ్‌లో ఒక నిబంధన ఉంది. 1980లలో క్లీవ్‌లాండ్ యజమానిగా ఉంటూ పిక్‌లను పప్పుబెల్లాల్లా పంచిపెట్టిన టెడ్ స్టెపియెన్ పేరు మీద దాన్ని స్టెపియెన్ రూల్ అంటారు. (చేసిన తప్పు నిబంధన పేరుగా నిలిచిపోవడం ఎంతమందికి దక్కుతుంది!) డేవిస్ కోసం న్యూఆర్లీన్స్‌కు బాకీ పడిన పిక్‌లు పోగా, ఈ నిబంధన ప్రకారం లేకర్స్ అప్పట్లో ఇవ్వగలిగినవి 2027, 2029 మొదటి రౌండ్ పిక్‌లే. 2022 వేసవిలో ఇండియానా నుంచి మైల్స్ టర్నర్, బడీ హీల్డ్‌లను తెచ్చుకునే బేరం ఆ రెండు పిక్‌ల దగ్గరే ఆగిందని వార్తలొచ్చాయి. జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా వెనక్కి తగ్గాడు. కొత్త సీజన్ మొదలయ్యాక లేకర్స్ తొలి 12 మ్యాచ్‌లలో గెలిచింది రెండే. వెస్ట్‌బ్రూక్‌ను కొత్త కోచ్ డార్విన్ హామ్ బెంచ్ మీదికి మార్చాడు.

పెలింకాను సమర్థించేవాళ్లు ఓపిక పట్టడమే మంచిదైందంటారు. ధర విషయంలో అది నిజం. చివరికి ఒక్క పిక్‌తో పని జరిగింది. కానీ ఆ ఓపికకు లెబ్రాన్ వయసు నుంచి కొన్ని నెలలు ఖర్చయ్యాయి. అప్పటికి అతనికి 38 నిండాయి.

అసలు బేరం ఎలా కుదిరిందో చూస్తే సూత్రం బోధపడుతుంది. యూటా జట్టు అంతకు ముందు వేసవిలోనే రూడీ గోబేర్‌ను, డోనవన్ మిచెల్‌ను అమ్మేసి మళ్లీ మొదటి మెట్టు నుంచి కట్టుకుంటోంది. దానికి వెస్ట్‌బ్రూక్ ఆట అక్కర్లేదు. కావాల్సిందల్లా పిక్, సీజన్ చివరికి తనంతట తానే ముగిసిపోయే కాంట్రాక్టు. మిన్నెసోటాకు నిలకడైన పాయింట్ గార్డు కావాలి, యూటా దగ్గర మైక్ కాన్లీ ఉన్నాడు. మూడు జట్ల అవసరాలు ఇలా ముడిపడ్డాయి. లేకర్స్‌కు డి'ఏంజెలో రస్సెల్, మలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్ వచ్చారు. యూటాకు 2027 మొదటి రౌండ్ పిక్ వెళ్లింది. అదీ తొలి నాలుగు స్థానాల్లో పడితే లేకర్స్ దగ్గరే ఉండిపోయే షరతుతో. వెస్ట్‌బ్రూక్ యూటా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎవరికి అతని ఆట కావాలని వెతికినంత కాలం కొనేవాడు దొరకలేదు. అతని ఆటతో పనిలేని జట్టును వెతకగానే దొరికాడు.

అప్పటికి 25 గెలిచి 30 ఓడి ఉన్న లేకర్స్ 43–39తో సీజన్ ముగించింది. ప్లే ఆఫ్స్‌లో మెంఫిస్‌నూ, డిఫెండింగ్ ఛాంపియన్ గోల్డెన్ స్టేట్‌నూ ఓడించి వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (వెస్ట్ ఫైనల్) దాకా వెళ్లింది. తెచ్చుకున్న చిల్లరలో అన్ని నాణేలూ మోగలేదు. బీస్లీ ఒదగలేదు, డి'ఏంజెలో రస్సెల్ వెస్ట్ ఫైనల్లో తేలిపోయాడు. అయినా వాండర్‌బిల్ట్ డిఫెన్స్, జనవరిలోనే మరో చిన్న బేరంలో వాషింగ్టన్ నుంచి వచ్చిన రుయి హచిమురా స్కోరింగ్ జట్టు రూపే మార్చేశాయి. ఇంతా చేసి వెస్ట్ ఫైనల్లో డెన్వర్ చేతిలో 4–0తో ఓడింది. ఆ డెన్వర్ తొలి ఐదుగురిలో కాల్డ్‌వెల్ పోప్ ఉన్నాడు. అతను ఆ ఏడాది రెండో ఛాంపియన్‌షిప్ ఉంగరం తొడుక్కున్నాడు.

ఆటగాడి సంగతీ మాట్లాడాలి. జట్టు చేసిన తప్పుకు జనం వేసిన శిక్ష వెస్ట్‌బ్రూక్ అనుభవించాడు. పేరును వెక్కిరిస్తూ వంకర చేసి పిలుస్తుంటే, అది తన ఇంటిపేరని, తన పిల్లల పేరు కూడా అదేనని 2022 మార్చిలో అతను బహిరంగంగా బాధపడ్డాడు. తర్వాత అతనే తక్కువ జీతానికి క్లిప్పర్స్‌లో, డెన్వర్‌లో పనికొచ్చాడు. 2024–25లో డెన్వర్ తరఫున సగటున 13 పాయింట్లు చేశాడు. ఆటలో పెద్ద మార్పేం రాలేదు. ధర తగ్గింది, పాత్ర కుదిరింది. ఇమడలేదన్న నింద ఎప్పుడైనా కాంట్రాక్టు రాసిన చేతికి తగలాలి.

ఇప్పుడు చిల్లర మార్చుకోవడం కూడా కష్టమైంది. 2023 నాటి కొత్త ఒప్పందం ప్రకారం జీతాల పరిమితికి పైన గీసిన రెండో గీత (సెకండ్ ఏప్రన్) దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోలేదు. పంపిన జీతం కన్నా డాలర్ ఎక్కువ తీసుకోలేదు. ఇలాంటి కాలంలోనూ ఫీనిక్స్ పాఠం నేర్చుకోలేదు. కెవిన్ డ్యురాంట్, డెవిన్ బుకర్ ఉన్న జట్టులోకి 2023 జూన్‌లో బ్రాడ్లీ బీల్‌ను తెచ్చుకుంది. అతనిది ఐదేళ్లకు 25.1 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు కూడా దానితోపాటే వచ్చింది. 2024–25లో 36 గెలుపులు, 46 ఓటములు. పెద్ద నోటు పెట్టెలోనే ఉండిపోయింది, చిల్లర మార్చే కొట్టూ కరవైంది, తాళంచెవి బీల్ జేబులో ఉండిపోయింది.

ఇలాంటి షరతులున్న కాంట్రాక్టులను జట్లు ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక మాత్రం, స్టార్ కావాలన్న మొండిపట్టు మాని, పిక్ అవసరమున్న జట్టు తలుపు తట్టాలి. ఫీనిక్స్‌కు ఆ తలుపు కూడా తెరుచుకోలేదు. 2025 జులైలో బీల్ కాంట్రాక్టును కొనేసి అతన్ని వదిలేసింది. అతను క్లిప్పర్స్‌కు వెళ్లిపోయాడు. ఆడని ఆ ఆటగాడి పేరిట ఏటా 1.9 కోట్ల డాలర్లకు పైగా 2029–30 సీజన్ దాకా ఫీనిక్స్ లెక్కల్లో ఉంటాయి.