డాక్టర్లూ మనుషులే! వైద్య విద్యార్థుల ప్రాణాలు కాపాడుకుందాం!

కర్నూలు, కడప జిల్లాల ప్రజలారా! తల్లిదండ్రులారా! వైద్య విద్యార్థులారా! అధ్యాపకులారా!

ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచో, తుంగభద్ర అవతల గద్వాల నుంచో రాత్రిపూట అంబులెన్సు బయల్దేరితే అది వచ్చి ఆగేది కర్నూలు పెద్దాసుపత్రి ముందు. పులివెందుల, జమ్మలమడుగు, బద్వేలు నుంచి బయల్దేరితే కడప రిమ్స్ ముందు. ఆ వేళ మీకు ఎదురొచ్చే డాక్టరు మన పిల్లల ఈడువాడే. హౌస్‌సర్జనో, పీజీనో అయి ఉంటాడు.

అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతును తెచ్చారనుకోండి. అట్రోపిన్ ఇంజెక్షన్ ఒకసారి ఇస్తే సరిపోదు. నిమిషాల తేడాతో మళ్లీ మళ్లీ ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ టార్చి వేసి కంటిపాప చూడాలి, నాడి లెక్కబెట్టాలి, ఛాతీలో గురగుర తగ్గిందో లేదో స్టెతస్కోపు పెట్టి వినాలి. గాజు ఆంప్యూళ్లు విరిచీ విరిచీ వేలు కోసుకుపోతుంది. తెల్లారేసరికి ట్రే నిండా ఖాళీ ఆంప్యూళ్లే. రైతు బతికాడు. భార్య దండం పెట్టింది. డాక్టరు మాత్రం గదికి పోలేదు. ఎనిమిదింటికి రౌండ్స్, ఆ తర్వాత ఓపీ, ఆ తర్వాత వార్డు, కేసు షీట్లు. మధ్యలో అమ్మ ఫోను.

"తిన్యావా నాయనా?"

"తిన్యా మా."

తినలేదు. పడుకోలేదు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

చావాలనుకున్న మనిషి పక్కన రాత్రంతా కూర్చుని బతికించిన ఆ పిల్లవాడికే బతుకు మీద ఆశ పోతే, అతని పక్కన కూర్చునేదెవరు? ఇది అడగడానికే ఈ కరపత్రం.

ఎంతమంది ఇలా ఉన్నారు?

జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. సర్వేలో జవాబిచ్చిన పీజీ డాక్టర్లు 5,337 మంది. వాళ్లలో నూటికి 31 మంది చనిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పారు. మానసిక సమస్య ఉందని వైద్యుడు నిర్ధారించినవాళ్లు మాత్రం నూటికి 15 మంది. తమ బాధను డాక్టరు దగ్గర చెప్పుకోలేని డాక్టర్లు చాలామంది ఉన్నారేమోనని ఈ తేడా చూస్తే అనిపిస్తోంది. అంతకుముందు ఐదేళ్లలో 64 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 55 మంది పీజీలు ఆత్మహత్య చేసుకున్నారని సమాచార హక్కు కింద అదే కమిషన్ వెల్లడించింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న గిరిజన బిడ్డను పోగొట్టుకున్నాం. సీనియర్ వేధింపుల ఆరోపణతో కేసు నమోదైంది. ఆ వార్త చదివి మన ఇళ్లలో ఎంతమంది తల్లులు ఆ రాత్రి హాస్టల్‌కు ఫోను చేశారో!

ఎందుకు చెప్పుకోరు?

ముందు సైనిక డాక్టర్ల సంగతి చూడండి. మన సీమ పిల్లల్లో కొందరు నీట్ రాసి పుణెలోని సైనిక వైద్య కళాశాలకు పోతున్నారు. ఇంకొందరు ఎంబీబీఎస్ అయ్యాక షార్ట్ సర్వీసు కమిషన్‌లో సైనిక డాక్టర్లుగా చేరుతున్నారు. అక్కడ చదువుతో పాటు కవాతు ఉంటుంది, క్రమశిక్షణ ఉంటుంది, ఇన్నేళ్లు సేవ చేస్తానన్న బాండు ఉంటుంది. సైన్యంలో ఆరోగ్యాన్ని ఐదు ఇంగ్లిషు అక్షరాలతో కొలుస్తారు. వాటిలో మొదటిదైన 'ఎస్' మనసుకు సంబంధించినది. నిద్ర పట్టడం లేదని నోరు విప్పితే ఆ అక్షరం పక్కన అంకె మారుతుందేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అన్న బెంగ సైనిక డాక్టరుకు ఉంటుంది. సైనికుల కోసం 2023 డిసెంబరు 1న పుణె కళాశాలలోనే ప్రత్యేక టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) కేంద్రం తెరిచారు.

మన కాలేజీల్లో ఆ అక్షరం లేదు. భయం మాత్రం అంతే ఉంది. థీసిస్ మీద సంతకం పెట్టేది, డ్యూటీ వేసేది, పరీక్షకు పంపేది ఒకే విభాగం. అదే ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీలో పేరు రాయించుకుంటే కాలేజీ అంతా తెలుస్తుంది. సీటు వదులుకుందామంటే బాండు డబ్బు లక్షల్లో ఉంది. పొలం అమ్మి చదివించిన నాయన ముఖం గుర్తొస్తుంది. ఇక ఎవరికి చెప్పుకుంటారు?

ఈ కుంగుబాటును పిరికితనం అనేవాళ్లకు ఒకటే చెబుతున్నాం. నీళ్లు లేని బోరులో మోటరు ఆపకుండా నడిపితే కాలిపోయేది మోటరే. ఆ సంగతి మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హక్కులు ఇప్పటికే రాసి ఉన్నాయి!

మేము కొత్త వరాలేమీ అడగడం లేదు.

- రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992 జూన్ 5నే ఆదేశించింది. 2024 టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటల పరిమితి, ఒక రోజు సెలవు, రోజూ 7 నుంచి 8 గంటల నిద్ర ఉండాలని సిఫారసు చేసింది. 36 గంటల డ్యూటీలు అమానుషమని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా తప్పుబట్టింది.

- 2023 పీజీ వైద్య విద్య నిబంధనలు వారానికో సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల వేతన సెలవు ఇమ్మంటున్నాయి.

- 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు యత్నించినవాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదు.

- విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కోసం ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. ఆ కేసులో 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తుంది. 100 మంది, లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాయాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ పర్యవేక్షించాలి.

కాగితం మీద ఉన్నదాన్ని వార్డులోకి తేవడమే మిగిలింది. అది మనం అడిగితేనే జరుగుతుంది.

మా డిమాండ్లు

1. కర్నూలు, కడప జిల్లాల్లోని ప్రభుత్వ, ప్రైవేటు మెడికల్ కాలేజీలన్నీ ప్రతి విభాగం డ్యూటీ చార్టును నోటీసు బోర్డులో పెట్టాలి. నైట్ డ్యూటీ చేసినవాళ్లను మర్నాడు ఉదయం విశ్రాంతికి పంపాలి.

2. విభాగాధిపతులకు, పరీక్షలకు సంబంధం లేని కౌన్సెలర్‌ను కాలేజీ బయటి నుంచి నియమించాలి. ఎవరు వచ్చారన్నది కౌన్సెలర్‌కు తప్ప ఎవరికీ తెలియకూడదు.

3. చికిత్స కోసం తీసుకున్న సెలవు వల్ల హాజరు, థీసిస్, పరీక్ష దెబ్బతినకూడదు.

4. సీటు వదిలేవాళ్ల బాండు రద్దు చేయాలని 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాలను కోరింది. మన ప్రభుత్వం దాన్ని అమలు చేయాలి.

5. ర్యాగింగ్ ఫిర్యాదు వస్తే 1997 నాటి మన రాష్ట్ర నిషేధ చట్టం కింద చర్య తీసుకోవాలి. రాజీ పేరుతో నొక్కేయకూడదు.

6. రెండు జిల్లాల కలెక్టర్లు జిల్లా కమిటీలో మెడికల్ కాలేజీలను చేర్చి, తనిఖీ నివేదికలు బయటపెట్టాలి.

మీరేం చేయాలి?

తల్లిదండ్రులారా! "తిన్నావా, చదివావా" దగ్గర ఆగకండి. "నిద్ర పోతున్నావా? మనసెట్లుంది?" అని అడగండి. "సీటు పోయినా పర్లేదు, నువ్వుంటే చాలు నాయనా" అన్న మాట ఒక్కసారి నోరారా చెప్పండి.

రోగుల బంధువులారా! ఆలస్యమైందని చెయ్యెత్తకండి. ఒక్క డాక్టరు మీద ఎన్ని మంచాల భారం ఉందో చూసి, ఆ లెక్క మాతో కలిసి ప్రభుత్వాన్ని అడగండి.

సీనియర్లారా, ప్రొఫెసర్లారా! "మేమూ ఇట్లే పడ్డాం" అనకండి. మీరు పడ్డ బాధ మీ శిష్యులకు వారసత్వం కానక్కర్లేదు.

తమ్ముడూ, చెల్లీ! నిద్ర దూరమైతే, ఏడుపు ఆగకపోతే, బతకడం దండగ అనిపిస్తే ఈ రాత్రే మాట్లాడు. టెలి మానస్ 14416, లేదా 1800 891 4416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పక్క గదిలోని మిత్రుడు ముభావంగా ఉంటే తలుపు తట్టు. ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకు. వెంటనే క్యాజువాల్టీకి తీసుకుపో.

ప్రతి సోమవారం కర్నూలు, కడప కలెక్టరేట్లలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఈ ఆరు డిమాండ్లు తెల్లకాగితం మీద రాసి, సంతకాలు చేసి, అర్జీగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే మళ్లీ సోమవారం వెళ్దాం, ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని వెళ్దాం.

36 గంటల డ్యూటీలు ఆపాలి!
సాయం అడిగినవాళ్ల భవిష్యత్తుకు భరోసా ఇవ్వాలి!
సుప్రీంకోర్టు తీర్పును మెడికల్ కాలేజీల్లో అమలు చేయాలి!

ఇట్లు,
కర్నూలు, కడప జిల్లాల జూనియర్ డాక్టర్లు, వైద్య విద్యార్థులు, వారి తల్లిదండ్రులు

(చదివి పారేయకండి. మరొకరి చేతికి ఇవ్వండి.)