గ్రీకు దేశపు పెరుగు పచ్చడి



ఈ నెల మీతో చెప్పుకోబోయే వంట మనది కాదు, గ్రీకు దేశానిది. పాలు కాచుకొన్న తరువాత మళ్ళీ పొయ్యి దగ్గరికి పోనక్కరలేదు. పోపు లేదు, వేపుడు లేదు. ఇంత సులువైన దానిని కూడ నేను మొదటిసారి చెడగొట్టాను. ఎలా చెడిందో దాచకుండా వ్రాస్తాను. కనీసం మీ ఇంటి పాలయినా దండుగ కాకుండా ఉంటాయి.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నది. శనివారం వచ్చిందంటే హోసూరు బస్సు ఎక్కి ఇల్లు చేరుతుంది. ఒక శనివారం చేతిలో ఒక చిన్న డబ్బా పట్టుకొని వచ్చింది. మూత తీస్తే లోపల తెల్లగా, గట్టిగా, వెన్నలాగ ఉన్నది. మధ్య మధ్య పచ్చని తునకలు.

“అమ్మా, దీన్ని రొట్టెతో నంచుకొని తింటారు. ఈ డబ్బా ఖరీదు పెడితే మనకు రెండు లీటర్ల పాలు వస్తాయి. నువ్వు ఇంట్లో చెయ్యలేవా?” అన్నది.

నాలుక మీద వేసుకొని చూశాను. పెరుగు, దోసకాయ, వెల్లుల్లి, ఇంకేదో ఆకు వాసన. “ఓస్, మన పెరుగు పచ్చడే గదా!” అన్నాను. ఆ “ఓస్” అనడమే నా కొంప ముంచింది.

దీని పేరు జజీకి. రెండు జలనూ “జడ” అన్నప్పటి జ లాగ పలకాలి. తెలుగువాళ్ళ నోటికి అది కష్టం కాదు. తురకీ దేశంలో దీని అన్న ఒకడున్నాడు. వాళ్ళు పెరుగులో నీళ్ళు కలిపి, దోసకాయ వేసి, పలుచగా గిన్నెలో పోసుకొని త్రాగుతారు. గ్రీకువాళ్ళది గట్టిది. వాళ్ళు పెరుగుకు గొర్రె పాలు, మేక పాలు కూడ వాడతారు. గొర్రె పాలలో ఆవు పాలకంటె వెన్న ఎక్కువ. అందుకే ఆ పెరుగుకు ఆ చిక్కదనం. మనకు గేదె పాలయితే మరీ మంచిది, లేకపోతే వెన్న తీయని ఆవు పాలు చాలు.

మరునాడు ఆదివారం గట్టి పెరుగు గిన్నెలో వేసి, దోసకాయ కోరి కలిపి, వెల్లుల్లి నూరి వేసి, చపాతీలు చేసే పనిలో పడ్డాను. అరగంట తరువాత చూస్తే గిన్నెలో మజ్జిగ! అడుగున తునకలు, పైన నీళ్ళు. అమ్మాయి ఏమీ అనలేదు. నాకే ముఖం చెల్లలేదు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. చూపు మందగించినప్పటినుంచి వంటయింటి గడప దాటి రావడం మానుకొన్నారు. “నేనెందుకు, మీరు చేసుకోండి” అనడం, పెట్టింది తినడం, అంతే. ఆ రోజు మాత్రం గడప అవతలనుంచే మాట వినిపించింది.

“ఏమే, దోసకాయకు ఉప్పేసి పిండినావా లేదా?”

“లేదత్తా.”

“పెరుగన్నా గుడ్డలో కట్టినావా?”

“అదీ లేదు.”

“మరి నీళ్ళు యాడికి పోతాయి?”

అదండీ అసలు సంగతి. ఈ వంటంతా నీళ్ళు తీసేయడమే. మన పెరుగు పచ్చడి అన్నంలో కలుపుకొనేది గనుక కాస్త పలుచనయినా నష్టం లేదు. కలిపిన వెంటనే తినేస్తాం గూడా. వాళ్ళది రొట్టె ముంచుకొని తినేది, కలిపి ఒక పూట నిలువ ఉంచేది. పెరుగులో నీళ్ళున్నాయి, దోసకాయలోనయితే నూటికి తొంభైఅయిదు పాళ్ళు నీళ్ళే. రెండింటినీ విడివిడిగా వదిలించి తరువాత కలపాలి.

అత్తగారికి గ్రీకు దేశం తెలియదు, పెరుగు గుడ్డ తెలుసును. ఆమె చిన్నతనంలో చంద్రచూడేశ్వరస్వామి తేరుకు పల్లెనుంచి బండి కట్టుకొని వచ్చేవారట. కుండలో పెరుగు పెడితే బండి కుదుపుకు ఒలికిపోతుందని, ముందునాటి రాత్రే గుడ్డలో కట్టి వ్రేలాడదీసి, గట్టిపడ్డ ముద్దను తెచ్చుకొనేవారట. ఇక్కడికి వచ్చాక నీళ్ళు కలిపితే మజ్జిగ, కలపకపోతే సంగటిలోకి నంజుడు. అప్పుడు మన ఊరు సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. పెరుగు గుడ్డ మాత్రం ఎప్పటిదప్పుడే ఉన్నది. మహారాష్ట్రులు శ్రీఖండానికి కట్టేదీ ఈ మూటనే.

ఆ వారం అత్తగారు గడప దాటి లోపలికి వచ్చి పీట వేసుకొని కూర్చున్నారు. ఆమె చెప్పినట్లు మేము చేసిన విధానం ఇది.

ఒక లీటరు పాలు కాచి, చిటికెన వ్రేలు ముంచితే ఓర్చుకోగల వేడికి వచ్చాక ఒక చెంచా పెరుగు తోడు వేయాలి. తోడుకొన్న పెరుగును తడిపి పిండిన పలుచని నూలుగుడ్డలో మూట కట్టి, క్రింద గిన్నె పెట్టి, నాలుగయిదు గంటలు వదలాలి. పెరుగు ఇంచుమించు సగం బరువుకు వస్తుంది. గరిటె నిలబెడితే నిలవాలి. అదే గురుతు.

దోసకాయ అంటే పప్పులో వేసే పసుపుపచ్చని కాయ కాదు. పచ్చిగా తినే పొడుగుకాయ. ఆంధ్ర జిల్లాలవారు కీరదోసకాయ అంటారు, కన్నడంవారు సౌతెకాయి అంటారు, తమిళులు వెళ్ళరిక్కాయ్ అంటారు. మన అంగట్లో మూడు పేర్లూ చెల్లుతాయి. లేతకాయలు రెండు తీసుకోండి. ముందు చివర కోసి కొరికి చూడండి. చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారవేయండి. ముదురు గింజలు ఉంటే తీసివేసి, కోరి, అర చెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచండి. ఉప్పు నీళ్ళను బయటికి లాగుతుంది. తరువాత గుప్పిట పట్టి గట్టిగా పిండండి. ఇంక చుక్క రాదు అన్నాక మరొక్కసారి పిండండి. ఆ రెండోసారి పిండడం మా అత్తగారి మాట.

వెల్లుల్లి రెండు రెబ్బలు చాలు. చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరాలి. నిమ్మరసం ఒక చెంచా, ఆలివ్ నూనె రెండు చెంచాలు. ఆలివ్ నూనె లేకపోతే మానివేయండి, రుచి కొంచెం మారుతుంది, మునిగిపోయేదేమీ లేదు. ఆవాలు, ఎండుమిరపకాయ తాలింపు పెడితే మాత్రం అది మళ్ళీ మన పచ్చడే అవుతుంది. అదీ మంచిదే, కాని పేరు మార్చుకోండి.

ఇంక ఆ ఆకు. డబ్బా మీద “డిల్” అని ఉన్నది. ఇదెక్కడ దొరుకుతుందా అని నేను బెంగపడుతుంటే, అత్తగారు డబ్బా వాసన చూసి, “సబ్బసిగాకు గదే ఇది!” అన్నారు. నిజమే. మన సంతలో కట్టలు కట్టలుగా అమ్మే సబ్బసిగె. ఆంధ్రలో సోయికూర అంటారు. మనది డిల్‌కు దగ్గరి చుట్టం, వాసన కొంచెం ఘాటు, అంతే. సన్నగా తరిగినది ఒక చెంచా వేయండి. కొందరు గ్రీకువాళ్ళు పుదీనా వేస్తారు.

అన్నీ కలిపి, ఒక గంట చల్లటి పెట్టెలో ఉంచి వడ్డించండి. రెండు రోజులు నిలువ ఉంటుంది. గుడ్డలోనుంచి కారిన పెరుగు తేటను పారబోయకండి. చపాతీ పిండి కలపండి, రాగి అంబలిలో పోయండి, మజ్జిగ పులుసులో వేయండి.

హోసూరు, కృష్ణగిరి సోదరీమణులకు చెరొక మాట. మన రెండు ఊళ్ళకూ మధ్య సుమారు 50 కిలోమీటర్లు. కాని హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది, కృష్ణగిరి దాదాపు 400 మీటర్లు దిగువ. మార్గశిరంలో హోసూరులో పెరుగు తోడుకోదు. పాలు కాస్త వేడి మీదనే తోడు వేసి, గిన్నెకు దుప్పటి చుట్టండి. వేసవిలో కృష్ణగిరిలో మూటను రాత్రంతా బయట కడితే తెల్లవారేసరికి నోట పెట్టలేని పులుపు. అక్కడివారు మూటను జల్లిగిన్నెలో పెట్టి, చల్లటి పెట్టెలోనే కారనివ్వండి. ఆలస్యమవుతుంది, కాని పులియదు.

రెండోసారి చేసినది చక్కగా కుదిరింది. అత్తగారు సంగటి ముద్దతో రెండుసార్లు అడిగి వేయించుకొన్నారు. పళ్ళు పోయినప్పటినుంచి ఆమె రెండోసారి అడగడం నేను చూడలేదు.

ఇక్కడితో ముగించవచ్చును. కాని ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు.

అవ్వ చెప్పుతుంటే మా అమ్మాయి అంతా కాగితం మీద వ్రాసుకొన్నది. “ఏం రాసిందో చదువు, ఇందాం” అన్నారు అత్తగారు. కాగితం తీసుకొని చూస్తే మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ఉన్నది ఉన్నట్లు చదివాను: “కుట్టలో పెరుగు కట్టాల. తోసగాయ పిండాల.” అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. “కుట్ట ఏందే, నా తల్లీ? గుడ్డ!” అన్నారు. తమిళంలో గకూ కకూ ఒకటే అక్షరం, దకూ తకూ ఒకటే. ఆ భాషకు అవి చాలు, లిపిని అనవలసిన పని లేదు. మన మాటకు మన అక్షరాలు కావాలి, అంతే.

నవ్వు ఆగాక నాకు సిగ్గువేసింది. 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది, పిల్ల ఆ దారిన చదువుకొన్నది. సరే. ఇంట్లో నేర్పవద్దని నన్నెవరూ అనలేదే! ఈ సెలవులు, వచ్చే సెలవులు అనుకొంటూ ఏళ్ళు గడిపాను. నెల నెలా ఈ శీర్షిక తెలుగులో వ్రాస్తున్నాను, నా కన్నబిడ్డ దానిని చదవలేదు.

ఆ రాత్రి అత్తగారు చేటలో బియ్యం పోయించి, మనుమరాలి వ్రేలు పట్టుకొని గ, డ, ద దిద్దించారు. కళ్ళకు కనిపించకపోయినా చేతికి అక్షరాలు గుర్తున్నాయి. ఇప్పుడు వచ్చినప్పుడల్లా నాలుగయిదు అక్షరాలు అవుతున్నాయి. మొన్న ఆ కాగితాన్నే మళ్ళీ తెలుగులో వ్రాసింది. “వెల్లుల్లి”లో ఒక లవత్తు జారిపోయింది. దానిని నేను దిద్దలేదు, గోడకు అంటించాను.

కృష్ణగిరి సోదరీమణులు మూట గట్టిపడడానికి ఎన్ని గంటలు పట్టిందో నాకు ఒక కార్డు వ్రాయండి. వీలయితే మీ పిల్లల చేత వ్రాయించండి.