షెడ్డులో మంచం వేసే ముందు

అమెరికాలో పెరటి మూలన చెక్క షెడ్డు ఉన్న ఇళ్లు కోకొల్లలు. గడ్డి కోసే యంత్రం, మంచు ఎత్తే పార, పిల్లలు వదిలేసిన సైకిళ్లు అందులో ఉంటాయి. అక్కడి నగరాలు చాలావరకు పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నిర్మాణ నియమావళి ప్రకారం 200 చదరపు అడుగులు మించని ఒంటి అంతస్తు షెడ్డుకు పర్మిట్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఆ హద్దు 120.

ఊరి నుంచి అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండడానికి వస్తున్నారంటే టెక్సాస్‌లోనో ఒహాయోలోనో ఉన్న తెలుగువాళ్ల చూపు ఆ షెడ్డు మీద పడుతుంది. గోడల్లో ఇన్సులేషన్ కూరి, పైన షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టి, ఇంట్లోంచి ఓ వైరు లాగితే గది సిద్ధమనుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ పర్మిట్ మినహాయింపు పనిముట్లు దాచుకునే షెడ్డుకే గాని మనిషి పడుకునే గదికి కాదు. కొలతల్లో అంగుళం పెరగకపోయినా, మంచం వేసిన రోజే అది నివాసం కిందికి వస్తుంది. కరెంటుకీ నీటి పైపులకీ అయితే షెడ్డుగా ఉన్నప్పుడూ వేరే పర్మిట్లు తప్పవు.

నివాసం అన్నాక లెక్కలు మారతాయి. గది 70 చదరపు అడుగులకు తగ్గకూడదు. కప్పు ఏడడుగుల ఎత్తుండాలి. చలికాలంలో లోపల 68 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం నిలవాలి. పొగ పసిగట్టి మోగే అలారం ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది కిటికీ. నిప్పంటుకుని తలుపు వైపు వెళ్లలేకపోతే మనిషి కిటికీలోంచి బయటపడాలి. అందుకే తెరిచిన కిటికీలో ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలంటారు. ఈ రెండూ సరిపోయాయి కదా అని కొనేస్తే తప్పే. నేలమట్టపు గదికైనా మొత్తం ఖాళీ ఐదు చదరపు అడుగులుండాలి. అంటే 20 అంగుళాల వెడల్పు కిటికీ 36 అంగుళాల ఎత్తు తెరుచుకోవాలి. దాని అడుగంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల తల్లి అర్ధరాత్రి పొగలో ఆ అంచు ఎక్కి దాటాల్సి రావచ్చని తలుచుకుంటే, ఈ అంగుళాల పట్టింపు చాదస్తం అనిపించదు.

నివాసానికి అనుమతి లేని చోట కాపురముంటే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2016 డిసెంబరు 2 రాత్రి కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గోదాములో సంగీత కార్యక్రమం జరుగుతుండగా మంటలు లేచి 36 మంది చనిపోయారు. ఆ కట్టడానికున్న అనుమతి గోదాముగానే. లోపల మాత్రం కళాకారులు కాపురముంటున్నారు. అద్దెలు భరించలేక అక్కడ చేరినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చట్టబద్ధమైన దారి ఖరీదుగా, గజిబిజిగా ఉన్నంతకాలం జనం చాటుగానే కట్టుకుంటారు.

ఆ దారిని కాస్త సుగమం చేసింది కూడా కాలిఫోర్నియానే. పెరట్లో వంటిల్లు, స్నానాల గదితో కట్టుకునే చిన్న ఇంటికి పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో నగరం తేల్చి చెప్పాలని 2020లో అమల్లోకి వచ్చిన చట్టం చెబుతోంది. పాత కట్టడాన్ని ఉన్నచోటే మారిస్తే, కంచెకు దగ్గరగా ఉందన్న అభ్యంతరం చెల్లదు. మిగతా రాష్ట్రాలూ ఈ పని చేయాలి. నియమం కఠినంగా ఉండొచ్చు, దాన్ని పాటించే వీలు కూడా మనిషికి ఉండాలి.

షెడ్డు మార్చాలనుకునేవాళ్లు ముందు నగర బిల్డింగ్ విభాగానికి ఓ కాగితం పట్టుకెళ్లాలి. షెడ్డు కొలతలు, కంచె నుంచి దూరం, కిటికీ ఎక్కడొస్తుందో చేత్తో గీసినా తొలి మాటకు సరిపోతుంది. కాలనీ సంఘం ఉంటే దాని నిబంధనలూ ముందే చూసుకోవాలి. షీట్‌రాక్ మాత్రం ఆఖరున. లోపలి వైర్లను ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూడాలి. అప్పటికే గోడ మూసేసి ఉంటే మళ్లీ విప్పించే హక్కు ఆయనకుంది.