మంచం కింది పనితనం ఎవరికీ పట్టదా?

పెద్ద ఆపరేషన్ అయిన రోగిని లేపి కూర్చోబెట్టాలంటే ఒకప్పుడు ఇద్దరు మనుషులు కావాలి. తర్వాత కాళ్ల వైపు వంగి హ్యాండిల్ తిప్పే ఫౌలర్ మంచం వచ్చింది. ఇప్పుడు రోగే రిమోట్ నొక్కుకుని లేచి కూర్చుంటున్నాడు. ఇంత మార్పు వస్తే మెచ్చుకోళ్లన్నీ మంచానికి, పరుపుకి, రంగుల బ్రోచర్‌కి పోతున్నాయి. కింద ఉండి ఆ బరువు మోసే మోటారు యూనిట్‌ని గాని, దానికి ఆ రూపం ఇచ్చినవాళ్లని గాని తలచుకునే నాథుడు లేడు. ఈ పనిలోనే ఉన్నవాణ్ని కనుక కడుపు మండి రాస్తున్నాను.

"మోటారు అంటే మోటారే కదండీ, దానికి డిజైన్ ఏమిటి?" అని ఒక కొనుగోలు కమిటీలో పెద్దాయన నా మొహం మీదే అన్నారు. ఆ రోజు అక్కడ చెప్పనివ్వని జవాబు ఇక్కడ చెబుతాను.

230 వోల్టుల కరెంటు రోగి దరిదాపులకు రాకూడదు. అందుకని కంట్రోల్ బాక్సు దాన్ని 24 వోల్టుల డీసీ చేసి పంపుతుంది. మోటారు వేగాన్ని గేరు తగ్గించి మరలున్న కడ్డీని తిప్పుతుంది. కడ్డీ మీది నట్టు జరిగి గొట్టాన్ని బయటికి తోస్తుంది. ఈ యూనిట్లలో 6000 న్యూటన్ల బలంతో తోసేవి మామూలే, అంటే దాదాపు 600 కిలోల బరువెత్తే బలం. ఒక్క మనిషికి అంతెందుకు అనిపిస్తుంది. గొట్టం తోసేది కీలుకి బాగా దగ్గర్లో. తలుపుని కీలు పక్కన చెయ్యి పెట్టి నెట్టి చూడండి, ఎందుకో తెలుస్తుంది.

అంత బలం రోగి చేతికి జానెడు దూరంలో ఉంటుంది. మంచం దిగుతున్నప్పుడు కింద ఎవరి చెయ్యో పడితే? మంచి యూనిట్‌లో మోటారు పైకి తోస్తుందే గాని కిందికి లాగదు. మంచం తన బరువుతో తాను దిగుతుంది, మోటారు బలం ఆ చేతి మీద పడదు. గుండె ఆగిన రోగి ఛాతీ నొక్కాలంటే వీపు భాగం వెంటనే చదునవ్వాలి. దానికొక లివరు ఉంటుంది. లాగగానే వీపు భాగం సెకన్లలో కిందికి వస్తుంది, అదీ దభీమని పడకుండా. ఇవి వాటంతట అవే వచ్చిన సుగుణాలు కావు. ఎవరో కూర్చుని, పదిమార్లు విప్పి బిగించి, సాధించినవి.

పైతొడుగు సంగతీ అంతే. నీళ్లు నిలవకుండా వాలు, మురికి చేరకుండా సందులు లేని అంచులు, తుడిచే గుడ్డ చిక్కుకోకుండా గుండ్రని మూలలు. ఐపీఎక్స్6 అని రాసి ఉంటే ఏ దిక్కు నుంచి గట్టి ధారతో నీళ్లు కొట్టినా లోపల చెడకూడదని అర్థం. రిమోట్ మీద ఉబ్బెత్తు గీతలెందుకో తెలుసా? లైట్లార్పిన వార్డులో, కళ్లజోడు తీసేసిన ముసలావిడ వేలికి తల మీట ఏదో, కాళ్ల మీట ఏదో తెలియాలి. అలాంటి రిమోట్‌కి ప్లాస్టర్ చుట్టి, బాల్‌పెన్నుతో బాణం గుర్తు గీసి వాడుతుంటే చూసి ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో అన్యాయం. చాలా యూనిట్లు రెండు నిమిషాలు నడిస్తే పద్దెనిమిది నిమిషాలు ఆగాలి, లేకపోతే వేడెక్కుతాయి. ఆ ముక్క రోగి బంధువులకు ఎవరూ చెప్పరు. పిల్లలు మీట నొక్కుతూ ఆడుకుంటారు. కాలిపోయాక మాత్రం "నాసిరకం మోటారు" అనే నింద మా మీద పడుతుంది.

ఇళ్లలో రిక్లైనర్లకూ ఇదే గతి. ఎత్తు మారే ఆఫీసు టేబుల్ రెండు కాళ్లూ సమానంగా లేవడానికి లోపల హాల్ సెన్సర్లు మోటారు చుట్లు లెక్కపెడుతుంటాయి. కొనేవాళ్లు చూసేది పై చెక్క నునుపే.

డెన్మార్క్‌లో గుడెరప్ అనే చిన్న ఊరు కేంద్రంగా లినాక్ కంపెనీ ఈ యూనిట్లనే నమ్ముకుని ప్రపంచమంతా అమ్ముతోంది. మనకు విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ శాఖ ఉంది, ఆంధ్రాకి జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ వచ్చింది. తెలివికి కొదవ లేదు. కొదవల్లా ఆ తెలివిని గుర్తించడంలోనే. నేను చూసిన టెండరు కాగితాల్లో మంచం రంగుకి ఒక పంక్తి, చక్రాల సైజుకి ఒక పంక్తి ఉంటాయి. మోటారుకి మాత్రం "ఇంపోర్టెడ్, 4 నంబర్లు" అని రాసి వదిలేస్తారు. ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే ఆర్డరు.

సూపరింటెండెంట్ గార్లకి, కొనుగోలు కమిటీ పెద్దలకి చేతులెత్తి అడుగుతున్నాను. సంతకం పెట్టే ముందు ఒక్కసారి వంగి మంచం కిందికి చూడండి. కళ్లు మూసుకుని రిమోట్ నొక్కి చూడండి. వీపు భాగాన్ని దించే ఆ లివరు ఒక సిస్టర్ చేత లాగించండి. వాటికీ టెండరులో మార్కులు పెట్టండి.