ధనఋణాలు తారుమారైనప్పుడు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదని మన సామెత. కాని కారు విషయంలో చేతులు ఎంతమేరకు కాలాయో తెలుసుకోవడం కూడా అవసరమే. బ్యాటరీ డౌనై కదలని కారుకు మరొక కారు బ్యాటరీనుంచి తీగలు కలిపి ప్రాణం పోయడం నిత్యం జరిగే పని. తొందరలోనో, చీకటిలోనో ఎర్ర తీగ, నల్ల తీగ స్థానాలు మారితే చటుక్కున ఒక మెరుపు. ఆ వెంటనే కారు మూగబోతుంది. హడలిపోయిన యజమాని, ఎవరు ఏ భాగం మార్చమంటే ఆ భాగం మారుస్తాడు. నిజానికి చాలా సందర్భాలలో పోయేది కొద్దిపాటి ఖరీదు చేసే ఫ్యూజు మాత్రమే.

బ్యాటరీ రెండు కొసలకు మన భాషలో ధనమనీ ఋణమనీ పేర్లు. సొమ్ము అప్పుగా, అప్పు సొమ్ముగా రాసుకున్న పద్దు ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. సరిగా కలిపిన రెండు బ్యాటరీలు 12 వోల్టుల వద్దనే నిలిచి ఒకదానికొకటి తోడవుతాయి. తలక్రిందులుగా కలిపితే రెండింటి బలమూ ఒకే దిశలో కూడి, అడ్డుకునేది లేక, వందలాది ఆంపియర్ల ప్రవాహం తీగలలో దూకుతుంది. ఆల్టర్నేటరులోని డయోడులు విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చే ద్వారపాలకులు. దిశ మారేసరికి మూసి ఉండవలసిన తలుపులు బార్లా తెరుచుకుంటాయి. ఈ ఉప్పెనను ఆపడానికే ప్రధాన ఫ్యూజు తాను కరిగిపోతుంది.

కాబట్టి పరీక్షను బ్యాటరీవద్ద ప్రారంభించి, విద్యుత్తు నడిచే దారినే సాగాలి. ముందుగా తాళంచెవి తీసివేసి, తీగలు విడదీసి, కొంతసేపు ఆగండి. దగ్గరలో అగ్గిపుల్ల గీయరాదు. బ్యాటరీనుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వకే పేలగలదు. పెట్టె ఉబ్బినా, పగిలినా, ఆమ్లం కారినా దానిని ముట్టక మెకానిక్‌ను పిలవండి.

ఏ లోపమూ కనిపించకపోతే మల్టీమీటరు అందుకోండి. నిండుగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. మీటరు తీగలు సరిగానే పెట్టినా అంకె ముందు ఋణచిహ్నం కనిపిస్తే, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ ఎదురుదిశలో నిండిందన్నమాట. దానిని మార్చక తప్పదు.

తరువాతి మజిలీ ప్రధాన ఫ్యూజు. కొన్ని కార్లలో ఇది బ్యాటరీ ధనధ్రువంమీదనే ఉంటుంది. కొన్నింటిలో బోనెట్టు క్రింది ఫ్యూజుల పెట్టెలో ఉంటుంది. బ్యాటరీ బాగున్నా దీపాలు, హారన్ ఏవీ పలకకపోతే మొదటి అనుమానం దీనిమీదనే. ఆపైన చిన్న ఫ్యూజులను ఒక్కొక్కటిగా చూడాలి. పోయినదాని స్థానంలో అదే ఆంపియర్లది వేయాలి. ఇంట్లో ఫ్యూజు పోతే లావు రాగితీగ చుట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. కారులో అది కొరివితో తల గోక్కోవడమే. ఫ్యూజు కరగకపోతే లోపలి తీగలు కాలుతాయి.

ఇంజను కదిలితే బ్యాటరీవద్ద మళ్లీ కొలవండి. సామాన్యంగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.6 దగ్గరే ఆగి క్రమంగా దిగిపోతుంటే ఆల్టర్నేటరు దెబ్బతిన్నట్లు అనుమానించాలి. పగలంతా బాగానే నడిచిన కారు తెల్లవారేసరికి మొండికేస్తే, కారే డయోడు గుండా రాత్రంతా విద్యుత్తు హరించిపోతూ ఉండవచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూసే పద్ధతి డైనమోల కాలంనాటిది. నేటి కార్లలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, అంతవరకు క్షేమంగా ఉన్న ఎలక్ట్రానిక్ భాగాలు కూడా పాడవుతాయి.

ఇవన్నీ సరిగా ఉండి, హెచ్చరిక దీపాలు మాత్రం ఆరకపోతే, అప్పుడు ఇంజను కంప్యూటరును పరీక్షింపజేయవచ్చు. ఎవరైనా మొదటనే దానిని మార్చాలంటే, ఏ ఫ్యూజు చూశారో, ఎన్ని వోల్టులు వచ్చాయో అడగండి. అందుకు సమాధానం లేనిచోట డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇకముందు తీగలు కలిపేటప్పుడు రంగును నమ్మకండి. పాత కార్లలో తీగలు ఎన్ని చేతులు మారి ఉంటాయో! బ్యాటరీమీది ధన, ఋణ చిహ్నాలను గుడ్డతో తుడిచి, దీపం వెలుగులో చూసి, ఆ తరువాతే కలపండి.