స్టేక్ అంటే సరే, పెద్దకూర అంటేనే ఇబ్బందా?

పోయిన శుక్రవారం డల్లాస్ శివార్లలో టెక్సస్ రోడ్‌హౌస్‌కి వెళ్లి స్టేక్ తిన్నాను. బాగుంది. బాగుండదనే అనుకుని వెళ్లాను కాబట్టి ఇంకా బాగుంది. మర్నాడు మా సాహిత్య మిత్రుల సమావేశంలో ఈ మాట అనడమే నేను చేసిన తప్పు.

ఒకాయన పకపకా నవ్వారు. "చైన్‌లోనా? అదీ ఒక తిండేనా?" ఈయన కథల నిండా టీ బంకులు, ఇడ్లీ బండ్లు, చెమట వాసన. సామాన్యుడి మీద ఆయనకున్న ప్రేమ అంతా ఇంతా కాదు. టెక్సస్‌లో ఆ సామాన్యుడు కూతురి పుట్టినరోజుకి ఎక్కడికి వెళ్తాడో మాత్రం ఆయనకి అక్కర్లేదు.

నిజమే, అక్కడ వేషం చాలానే ఉంది. పేరులో టెక్సస్, పుట్టింది 1993లో ఇండియానాలో. చెవులు చిల్లులు పడే కంట్రీ పాటలు. కానీ మాంసం కోసేది ఆ బ్రాంచిలోనే, చల్లటి గదిలో, చేత్తో. కోసిన ముక్కలు గుమ్మం దగ్గరే అద్దాల పెట్టెలో కనిపిస్తాయి. నేను చెప్పింది ఆరు ఔన్సుల సర్లాయిన్. కొవ్వు తక్కువుండే ముక్క, పెనం మీద ఒక్క నిమిషం ఎక్కువైతే తోలైపోతుంది. మీడియం రేర్ అడిగితే మీడియం రేరే వచ్చింది. పైన నల్లగా కాలిన పెచ్చు, కోస్తే లోపల గులాబీ రంగు. రద్దీగా ఉండే శుక్రవారం రాత్రి అంత కచ్చితంగా కాల్చిన మనిషి చేతిలో పనితనం లేదని ఎట్లా అంటాం?

2012లో నార్త్ డకోటాలో మెరిలిన్ హాగర్టీ అనే పెద్దావిడ తమ ఊరికొచ్చిన ఆలివ్ గార్డెన్ గురించి శ్రద్ధగా సమీక్ష రాస్తే ఇంటర్నెట్ అంతా వెక్కిరించింది. మరుసటి ఏడాది ఆవిడ సమీక్షల్ని పుస్తకంగా వేసి, ముందుమాట రాసినవాడు ఆంథొనీ బోర్డెయిన్. తిండి గురించి ఆయనకంటే మా మిత్రులకే ఎక్కువ తెలుసు కాబోలు.

సరే, ఇదంతా రుచుల గొడవ, పోనీ అనుకోవచ్చు. అసలు మాట తర్వాత వచ్చింది. "అచ్చం మా అమ్మ వండే పెద్దకూర గుర్తొచ్చింది" అన్నాను. ఒకావిడ నా వైపు వంగి, "ఆ మాట వద్దండీ, రికార్డింగ్ అవుతోంది" అన్నారు. అప్పటిదాకా స్టేక్, స్టేక్ అని పదిసార్లు అన్నాను, రికార్డింగ్‌కి ఏ ఇబ్బందీ రాలేదు. న్యూయార్క్‌లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, పక్కన వైన్ గ్లాసుతో రిబ్ ఐ తింటున్న ఫొటో ఆవిడే పెట్టారు, నేను లైక్ కూడా కొట్టాను. ఇంగ్లీషు పేరుంటే అభిరుచి, మా ఇంటి పేరుంటే మైల! 2012 ఏప్రిల్లోనే ఉస్మానియాలో విద్యార్థులు ఆ మాంసంతో బిర్యానీ వండుకుని బాహాటంగా తింటే దాడులు జరిగాయి, టియర్ గ్యాస్ పేలింది. వాళ్లు మెనూలో స్టేక్ అని రాసుకోవాల్సిందేమో!

ఎడిట్ చేసిన వీడియోలో నా మాట లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెద్దకూర. మళ్లీ రాస్తాను, పెద్దకూర.

ఆ శుక్రవారం రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఇట్ల తిన్నానని.

"కారం మంచిగ ఏసిండ్రా బిడ్డా?"

"కారం లేదమ్మా. ఉప్పు, మిరియాలు."

"గదేం కూర!" అని పెట్టేసింది.