ఇంటర్నెట్ పోయినా మన సర్వర్లు లేవాలి

పలాస, టెక్కలి, ఉద్దానం ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో సర్వర్లు చూసే మిత్రులకు విజ్ఞప్తి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు పోయాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ లేదు. మళ్లీ అలాంటిది వస్తే జనరేటరుతో సర్వర్ ఆన్ అవుతుంది సరే, అందులోని సాఫ్ట్‌వేర్ లేస్తుందా?

లేవకపోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ చాలావరకు కంటైనర్ ఇమేజ్‌లుగానే వస్తోంది. కుబర్నెటీస్‌లో ఇమేజ్ పేరు చివర "లేటెస్ట్" అని ఉండి, పుల్ పాలసీ విడిగా రాయకపోతే, ఆ ఇమేజ్ మెషీన్‌లోనే ఉన్నా ప్రతి స్టార్టుకీ బయటి రిజిస్ట్రీని అడుగుతుంది. జవాబు రాకపోతే "ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్" అని చూపించి అక్కడే ఆగిపోతుంది. డయాలసిస్ మెషీన్‌కి దీనితో పని లేదు, అది తిరుగుతుంది. కానీ సర్వర్ మీద పెట్టుకున్న రోగి పోయినసారి బరువు, ల్యాబ్ రిపోర్టు తెరుచుకోవు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చేవాళ్లున్న ప్రాంతం మనది.

ఇలా ఆగిపోకుండా ఇమేజ్‌లను మన దగ్గరే ఉంచే లోకల్ రిజిస్ట్రీ పెట్టుకోవడం కష్టం కాదు, హార్బర్ అనే రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. చిక్కంతా ఇమేజ్‌లు తెచ్చే దగ్గరుంది. ఒకరు డాకర్ సేవ్‌తో టార్ ఫైలు చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, ఒకరు స్కోపియో వాడతారు, ఇంకొకచోట ఉద్యోగం మానేసి వెళ్లినాయన రాసిన స్క్రిప్టే దిక్కు. డాకర్ సేవ్ చేసినది మళ్లీ పుష్ చేస్తే ఇమేజ్‌ని గుర్తుపట్టే డైజెస్ట్ మారిపోవచ్చు, సంతకం వెంట రాదు. ఇక కంపెనీ ఇచ్చిందీ మన దగ్గరున్నదీ ఒకటేనని చూపేదెలా? పలాస వ్యాపారి డబ్బా మీద డబ్ల్యూ 240 అని గ్రేడు చూసి జీడిపప్పు కొంటాడు గానీ "తాజా సరుకు" అన్న చీటీ చూసి కొనడు కదా.

అందుకని అందరం ఒకే టూల్, ఒకే జాబితా పెట్టుకుందాం. స్కోపియో సింక్ చాలు. కావలసిన ఇమేజ్‌లు యామల్ ఫైల్లో రాస్తే, నెట్ బాగున్న చోట డిస్కుకి దించి, ఆ డిస్కు నుంచే లోకల్ రిజిస్ట్రీకి ఎక్కించవచ్చు. ప్రిజర్వ్-డైజెస్ట్స్ ఆప్షన్ మరిచిపోవద్దు. సంతకాలకు వేరే సెట్టింగు ఉంది, అదీ మొదటిరోజే పెట్టాలి. ఓపెన్‌షిఫ్ట్ కొన్నవాళ్లు రెడ్ హ్యాట్ వారి ఓసీ-మిర్రర్ వాడుకోవచ్చు, జాబితా మాత్రం అందరితో కలిపే ఉండాలి. ఒకసారి తెచ్చి వదిలేస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లు అందవు కాబట్టి నెలనెలా తేవాలి.

టెండరులో ఒక్క షరతు చేర్పించండి: సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ప్రతి ఇమేజ్ పేరూ డైజెస్ట్‌తో సహా రాసివ్వాలి. ఇవ్వలేమన్నవారికి బిల్లు ఆపండి.

సెప్టెంబరులో ఒక ఆదివారం, తుపాన్ల కాలం ముదరకముందే, టెస్ట్ మెషీన్‌లో పాత ఇమేజ్‌లు తుడిచేసి, బయటికి పోయే కేబుల్ పీకి, అన్నీ ఆపి మళ్లీ లేపి చూద్దాం. లేవనివి ఏవో ఆ రోజే జాబితాలోకి ఎక్కిద్దాం.